మా ఇత్తడి కొట్టు సైటులో ‘కొనండి’ బటన్

సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర మా బాపుకు ఇత్తడి, కంచు సామాను దుకాణం ఉంది. దానికి 2013లో నేనే ఒక చిన్న వెబ్‌సైటు చేసి పెట్టాను. మొదట్లో అందులో అడ్రసు, ఫోన్ నంబరు, నాలుగు ఫొటోలు తప్ప ఇంకేమీ లేవు. తర్వాత కొట్టుకు వచ్చినవాళ్లు అడిగే ప్రశ్నలు, వాటికి బాపు చెప్పే జవాబులు ఒక్కొక్కటే రాస్తూ పోయాను. ఇత్తడి గిన్నెలో పులుసు కాయొచ్చా? గిన్నె లోపల తగరం పూత, అంటే కళాయి, ఎన్నాళ్లకోసారి పూయించాలి? కంచు కంచం చేయిజారితే ఎందుకు పగులుతుంది, ఇత్తడి చెంబు ఎందుకు సొట్ట పడి ఊరుకుంటుంది? ఇట్లాంటివి పదేళ్లలో అరవై దాకా పోగయ్యాయి.

ఆ రాతలే మాకు జనాన్ని తెచ్చాయి. ఒక దసరా ముందు ఖమ్మం నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. “అమ్మా, కళాయి గురించి మీరు రాసిందంతా చదివాను. ఆ ఫొటోలో ఉన్న గంజు నాకు కావాలి. కొనాలంటే ఎక్కడ నొక్కాలో కనబడట్లేదు” అన్నారు. నొక్కడానికి అక్కడ ఏమీ లేదు. ఆవిడ యూపీఐలో డబ్బు పంపారు, మేం ఆర్టీసీ కార్గోలో ఆ గంజు గిన్నె పంపాం. కానీ ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఫోన్ చేసే ఓపిక లేక, ఎక్కడ నొక్కాలో తెలియక వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో!

అప్పటి నుంచి ఏడాదిన్నర ఈ పని మీదే కూర్చున్నాను. ఇప్పుడు నాకు గట్టిగా అనిపించేది ఇది: ఇప్పటికే ఒక సైటు నడుపుకుంటున్న చిన్న వ్యాపారి ఆన్‌లైన్ అమ్మకం మొదలుపెట్టాలంటే ఆ సైటును పడగొట్టొద్దు, దాన్ని వదిలి ఇంకో చోటికి పోవద్దు. జనం దేనికోసం వస్తున్నారో దాన్ని ఉన్నచోటే ఉంచి, దాని పక్కన కొద్దిపాటి సరుకుతో కొట్టు తెరవాలి. దుకాణంలో మనకున్న తెలివినంతా ఆ కొట్టులోకి దింపాలి. ఆ రెండో పనికే అసలు కాలం పడుతుంది. బటన్ పెట్టడానికి నాకు ఒక్క ఆదివారం సరిపోయింది.

మొదలుపెట్టేటప్పుడు ముగ్గురు మూడు సలహాలు ఇచ్చారు. మా పెద్దమ్మ కొడుకు “పెద్ద షాపింగ్ యాప్‌లలో పెట్టేయ్ చెల్లె, జనమంతా అక్కడే ఉన్నరు” అన్నాడు. జనం అక్కడ ఉన్న మాట నిజమే. కానీ మా గంజు అక్కడ పల్చటి రేకు గిన్నె పక్కన కూర్చుంటుంది. ఫొటోలో రెండూ పచ్చగా మెరుస్తాయి. ఒకటి మందపు పోత, ఇంకొకటి చేత్తో నొక్కితే వంగేది. ఆ తేడా బరువులో తెలుస్తుంది, చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. పక్కపక్కన పెట్టినప్పుడు కంటికి కనబడేది ధర ఒక్కటే. అదీగాక అక్కడ కొన్న మనిషి ఆ యాప్ కస్టమర్ అవుతుంది. మళ్లీ కళాయి పూయించుకునే రోజు వచ్చినప్పుడు మా నంబరు ఆమె దగ్గర ఉండదు, ఆమె నంబరు మా దగ్గర ఉండదు.

రెండో సలహా మా మేనల్లుడిది. “అత్తా, పాతది పక్కన పడేసి కొత్తగా షాపిఫైలో కడదాం, రెండు రోజుల పని” అన్నాడు. షాపిఫై అంటే ఆన్‌లైన్ కొట్లు కట్టుకోనిచ్చే సర్వీసు. నెల నెలా అద్దె కడితే అన్నీ వాళ్లే చూసుకుంటారు, అందులో తప్పేమీ లేదు. సైటే లేనివాళ్లకు నేనూ అదే చెబుతాను. ఆ కంపెనీ పుట్టుక కూడా ఒక చిన్న కొట్టులోంచే. మంచు మీద జారే స్నోబోర్డులు అమ్ముకోవడానికి 2004లో తాము కట్టుకున్న సైటునే 2006లో నలుగురికీ పనికొచ్చే సరుకుగా మార్చారు. కానీ మాకున్న అరవై వ్యాసాల లింకులు పదేళ్లుగా ఎవరెవరి ఫోన్లలోనో, వాట్సాప్ గ్రూపుల్లోనో తిరుగుతున్నాయి. సైటు మారితే ప్రతి పాత లింకునూ కొత్త చోటికి మళ్లించాలి. ఒక్కటి తప్పినా ఆ దారిన వచ్చేవాళ్లకు ‘పేజీ లేదు’ అని కనబడుతుంది. పదేళ్లు పోసి పెంచిన చెట్టును రెండు రోజుల పని కోసం పీకడానికి నాకు మనసొప్పలేదు.

మూడోది వాట్సాప్. “కేటలాగ్ పెట్టుకో చాలు” అన్నారు. నిజానికి మేం ఆరు నెలలు అలాగే అమ్మాం. నెలకు పది, పదిహేను ఆర్డర్ల దాకా అది హాయిగానే ఉంటుంది. దీపావళి నెలలో తెలిసింది దాని సంగతి. ఒకరి అడ్రసు పైన ఎక్కడో ఉంటుంది, వాళ్లు మార్చుకున్న సైజు కింద వాయిస్ మెసేజ్‌లో ఉంటుంది, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్ ఇంకో నంబరు నుంచి వస్తుంది. ఆ స్క్రీన్‌షాట్లలో ఒకటి దొంగది కూడా. రెండు ఇత్తడి కుందులు పోయాయి. బ్యాంకు మెసేజ్ చూడకుండా పార్సిల్ కట్టకూడదని అప్పుడు నియమం పెట్టుకున్నాం.

మా సైటు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద ఉంది కాబట్టి దానికే వూకామర్స్ అనే కొట్టు ప్లగిన్ (సైటుకు అదనంగా తగిలించే సాఫ్ట్‌వేర్) చేర్చాను. 2011లో వచ్చిన ఈ ప్లగిన్‌ను 2015లో వర్డ్‌ప్రెస్.కామ్ నడిపే ఆటోమాటిక్ అనే కంపెనీ కొనుక్కుంది. ప్లగిన్ ఉచితం. ఖర్చంతా దాని చుట్టూ ఉంటుంది. మీ సైటు వేరే దాని మీద ఉంటే షాపిఫై వాళ్ల ‘బై బటన్’ లాంటిది ఉన్న పేజీలోనే అతికించుకోవచ్చు. లేదంటే సైటు అడ్రసు ముందు ‘shop.’ లాంటి ఒక మాట చేర్చి పక్కన కొట్టు పెట్టుకోవచ్చు. ఏ దారైనా సరే, పాత పేజీల అడ్రసులు మారకూడదు. నా పట్టు అంతవరకే.

ఇక ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. కొట్టు చేరిన రోజు నుంచి సైటు స్వభావమే మారిపోతుంది. అంతకుముందు మా సైటు గోడ మీద అతికించిన కాగితం లాంటిది. చిరిగితే నిన్నటి కాపీ తెచ్చి మళ్లీ అతికించేవాళ్లం. కొట్టు తెరిచిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఏదో ప్లగిన్ అప్‌డేట్ చేస్తే సైటు తెల్లకాగితమైంది. మా మేనల్లుడు ఎప్పటిలాగే రాత్రి తీసిన బ్యాకప్ పెట్టేశాడు. పది నిమిషాల్లో సైటు లేచి కూర్చుంది. ఇద్దరం సంతోషంగా టీ తాగాం.

సాయంత్రం హనుమకొండ నుంచి ఫోన్ వచ్చింది. “పొద్దున ఆర్డర్ పెట్టిన, ఇప్పుడు చూస్తే ఆ నంబరే లేదంటోంది” అని. నాకు గుండె ఆగినంత పనైంది. రాత్రి బ్యాకప్‌లో ఆ రోజు పొద్దుటి ఆర్డర్లు ఎలా ఉంటాయి? పాత కాపీ పెట్టడంతో ఆ రోజు వచ్చిన ఆరు ఆర్డర్లూ చెరిగిపోయాయి. డబ్బు మాత్రం ఆన్‌లైన్ చెల్లింపులు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేలో భద్రంగా ఉంది. ఎవరు, ఎంత, ఏ ఫోన్ నంబరు అన్నవి అక్కడ ఉన్నాయి. ఏం కొన్నారు, ఎక్కడికి పంపాలి అన్నవి లేవు. ఆర్డర్ వచ్చినప్పుడల్లా మాకొక మెయిల్ రావాలి. వెతికితే నాలుగే దొరికాయి, అందులో రెండు స్పామ్‌లో. మిగతా ఇద్దరికీ నేను ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పి, మళ్లీ అడ్రసు రాసుకున్నాను. ఒకాయన నమ్మలేదు. దుకాణం ల్యాండ్‌లైన్‌కు చేసి బాపుతో మాట్లాడాకే చెప్పాడు. ఆయన అనుమానంలో తప్పు లేదు. డబ్బు తీసుకున్నాక అడ్రసు అడిగేవాళ్లను నేనైనా నమ్మను.

ఆ ఒక్క రోజు మాకు చాలా నేర్పింది. ఇప్పుడు ఆర్డర్లు ఉండే డేటాబేస్‌కు గంట గంటకూ బ్యాకప్ పోతుంది, అదీ సైటు ఉన్న సర్వర్‌లో కాకుండా వేరే చోటికి. అప్‌డేట్లన్నీ ముందు ఒక నకలు సైటులో చేసి చూస్తాం. బాగున్న మార్పులను అసలు సైటుకు తెచ్చేటప్పుడు ఫైళ్లు మాత్రమే తెస్తాం, డేటాబేస్ జోలికి పోం. తెస్తే నకలులో లేని ఆర్డర్లన్నీ మళ్లీ పోతాయి. మెయిళ్లను సైటుకు చోటిచ్చే హోస్టింగ్ కంపెనీ సర్వర్ నుంచి పంపడం మానేసి, విడిగా మెయిల్ పంపే సర్వీసు పెట్టుకుని, మా డొమైన్‌కు ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు చేర్చాం. ఆ మెయిల్ నిజంగా మేం పంపిందేనని అవతలి మెయిల్ సర్వర్‌కు చెప్పేవి ఆ రికార్డులే. మెయిల్ స్పామ్‌లో పడితే, డబ్బు కట్టి కూర్చున్న మనిషి రాత్రంతా టెన్షన్ పడుతుంది.

ఇదే కుదురులోది ఇంకో ముల్లు కూడా ఉంది. సైటు వేగంగా తెరుచుకోవాలని మేం ఎప్పుడో ఒక క్యాష్ (cache, డబ్బు కాదు) ప్లగిన్ పెట్టాం. పేజీని ఒకసారి తయారుచేసి, వచ్చినవాళ్లందరికీ అదే కాపీ ఇస్తుంది అది. వ్యాసాలకు బంగారంలా పనిచేసింది. కొనేవాళ్ల బుట్టకు అది పనికిరాదు, ఎవరి బుట్ట వాళ్లది కదా. “గిన్నె వేస్తే బుట్ట ఖాళీగానే ఉంటోంది” అని ముగ్గురు చెప్పాక, బుట్ట, చెల్లింపు, ఖాతా పేజీలను క్యాష్ నుంచి తప్పించాం. మీ పాత సైటులో క్యాష్ ఉంటే మొదటి రోజే ఆ మూడూ చూసుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం, ధర సంగతి. కొట్టు ఆలోచన చెప్పగానే బాపు అడిగిన మొదటి ప్రశ్న ఇది: “రేటు దినాం మారుతది బిడ్డా. ఇయ్యాల రాసిన ధర రేపటికి ఎట్ల నిలుస్తది?” ఇత్తడి, కంచు సామాను తూకం మీద అమ్ముతాం. తణుకు దగ్గరి అజ్జరం నుంచి వచ్చే బిందెలు ఒకే సైజువి పది తెస్తే, పదీ పది బరువులు ఉంటాయి. చేతిపని మరి. ఒకటి రెండు కిలోల మూడొందల గ్రాములు తూగితే, దాని పక్కది రెండు కిలోల నాలుగొందల యాభై తూగుతుంది. వూకామర్స్ ఏమో ఒక వస్తువుకు ఒక ధర అడుగుతుంది. మూస పోసినట్టు ఒకే తీరుగా ఉండే సరుకు కోసం తయారైన పద్ధతి అది.

సగటు ధర పెట్టమని కొందరన్నారు. అట్లా పెడితే తేలికది వచ్చినవాళ్లకు నష్టం, బరువుది పంపితే మాకు నష్టం. చివరికి దుకాణంలో జరిగే పనినే సైటులోకి తెచ్చాం. కిలో దాటిన ప్రతి వస్తువునూ విడి వస్తువుగా పెట్టాం. దాన్ని కాటా మీద ఉంచి, అంకెలు కనబడేలా ఫొటో తీస్తాం. గ్రాముల్లో బరువు ఒక గడిలో రాస్తాం. బాపు పొద్దున్నే ఆ రోజు కిలో రేటు చెబుతారు, దాన్ని ఇంకో గడిలో వేస్తాం. రెండూ గుణించి, పని కూలి కలిపి ధర చూపించేలా మా మేనల్లుడు చిన్న కోడ్ రాశాడు. రేటు మారితే సైటంతా ఒకేసారి మారుతుంది. ఎవరైనా అప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే వాళ్ల ధర మారదు, దుకాణంలో బిల్లు చించాక మారనట్టే.

ఆ కాటా ఫొటోలు మా సైటులో అన్నిటికంటే నిజాయితీ ఉన్న ఫొటోలు. లైట్లు పెట్టి, తెల్లటి బట్ట మీద తీయించిన ఫొటోలు కూడా మా దగ్గర ఉన్నాయి. కానీ కస్టమర్లు ఫోన్ చేసి మెచ్చుకునేది కాటా మీది బిందెనే. వెనకాల గోడకు కేలండర్, పక్కన బాపు చెయ్యి కనబడతాయి. ఆ కేలండర్ తీసేద్దామని నేనంటే, ఒక కస్టమర్ “ఉండనీ అమ్మా, ఏ నెలలో తూచారో తెలుస్తుంది” అన్నారు.

పేర్ల దగ్గర ఇంకో పాఠం నేర్చుకున్నాం. హైదరాబాద్‌లో మేం గంజు అంటాం. కోస్తావాళ్లు తపేలా అంటారు, ఇంకొకరు ఊరికే గిన్నె అంటారు. మేం కడాయి అనే దాన్ని ఒకరు బాణలి అంటారు, ఒకరు మూకుడు అంటారు, ఇంకొందరు కళాయి అంటారు. మా దగ్గర కళాయి అంటే గిన్నె లోపల పూసే తగరం! ఆ మాట వెతికి వచ్చినవాళ్లలో సగం మందికి మూకుడు కావాలి, సగం మందికి పూత కావాలి. ఇది చూశాక ప్రతి వస్తువు కిందా దాని పేర్లన్నీ రాశాం. చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి వెతుకుతారు కాబట్టి ఆ రాతలు కూడా చేర్చాం. సైటులో వెతుకులాట పెట్టె ఖాళీ చెయ్యి చూపిస్తే, మన దగ్గర ఆ సరుకు లేదనే అనుకుంటారు. అల్మారాలో ఎదురుగా ఉన్నా సరే.

పార్సిల్ లెక్క విన్న రోజు బాపుకు నిద్ర పట్టలేదు. కొరియర్లలో చాలామంది అసలు బరువు ఒక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. అలా వచ్చింది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. దీన్ని వాల్యూమెట్రిక్ బరువు అంటారు. మా పెద్ద గుండిగ తూకం నాలుగు కిలోలు. దాన్ని సొట్ట పడకుండా పెట్టాలంటే 40, 40, 35 సెంటీమీటర్ల పెట్టె కావాలి. గుణిస్తే 56,000. భాగిస్తే 11.2 కిలోలు. నాలుగు కిలోల గుండిగకు పదకొండు కిలోల పైన చార్జీ. “లోపలున్న గాలికి గూడ పైసలా?” అన్నారు బాపు.

రెండు రోజులు ఆ గుండిగ చుట్టూ తిరిగి, మూడో రోజు ఆయనే దారి చూపించారు. దాని లోపల ఒక గంజు పెట్టారు, గంజులో చిన్న గిన్నె, గిన్నెలో చెంబు, చెంబులో పిల్లల ఉగ్గుగిన్నె. మధ్యలో పాత చీర ముక్కలు కుక్కారు. అసలు బరువు తొమ్మిదిన్నర కిలోలయింది. పెట్టె అదే, చార్జీ అదే. కొత్తకాపురం పెట్టేవాళ్లకు సారె సామాను ఎప్పుడూ అట్లనే ఒకదాంట్లో ఒకటి సర్ది పంపేవాళ్లట. ఇప్పుడు మా సైటులో ఎక్కువగా అమ్ముడుపోయేది ఆ సెట్టే. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఏ ఏజెన్సీ చెప్పలేదు. ముప్పై ఏళ్లు సామాను సర్దిన చేతులకు తెలుసు. సొంత కొట్టు సొంత సైటులో ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇది పెద్ద కారణం. ఇట్లాంటి ఆలోచన వచ్చిన రోజే పేజీ మార్చుకోగలిగాం, ఎవరి అనుమతీ అడగలేదు.

చెల్లింపుల గురించి క్లుప్తంగా చెబుతాను. గేట్‌వే తెరవాలంటే పాన్, బ్యాంకు వివరాలతో పాటు సైటులో వాపసు నియమాలు, డెలివరీ, ప్రైవసీ, సంప్రదించే అడ్రసు పేజీలు ఉండాలంటారు. అవి ముందే రాసి పెట్టుకుంటే వారం కలిసొస్తుంది. కార్డులకు సుమారు రెండు శాతం తీసుకుంటారు, దాని మీద 18 శాతం జీఎస్టీ. నాలుగు వేల ఆర్డర్‌లో అది 94 రూపాయల చిల్లర. కార్డు నంబరు గేట్‌వే పేజీలోనే కొట్టించాలి. అది మన సైటును తాకకపోవడమే మంచిది.

యూపీఐలో మాకు తగిలిన దెబ్బ వేరు. కస్టమర్ ఫోన్‌లో వేరే యాప్‌కు వెళ్లి డబ్బు కడుతుంది. కట్టాక మళ్లీ మా సైటుకు రాకుండా ఫోన్ పక్కన పెట్టేస్తుంది. సైటుకు కబురు అందదు, ఆర్డర్ ‘పెండింగ్’లోనే ఉంటుంది. వూకామర్స్‌లో మామూలుగా ఉండే ఏర్పాటు ప్రకారం అరవై నిమిషాల తర్వాత దాన్ని రద్దు చేసేస్తుంది. డబ్బు పోయిన మనిషికి ఆర్డర్ రద్దయిందని తెలిస్తే ఎట్లా ఉంటుంది! గేట్‌వే నేరుగా మన సర్వర్‌కు కబురు పంపే వెబ్‌హుక్ పెట్టాక ఆ బాధ తప్పింది. కొట్టు తెరిచే ముందు పది రూపాయల వస్తువు ఒకటి పెట్టి, డబ్బు కట్టి, కావాలనే వెనక్కి రాకుండా ఫోన్ పక్కన పెట్టి చూడండి. క్యాష్ ఆన్ డెలివరీ మేం పెట్టలేదు. పదకొండు కిలోల చార్జీతో వెళ్లిన పెట్టె తలుపు దగ్గర్నుంచి తిరిగొస్తే రానూపోనూ ఖర్చు మాదే.

పన్ను విషయం తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మనకు హైదరాబాద్, విజయవాడ మధ్య చుట్టరికాలు, పెళ్లిళ్లు, రాకపోకలు అన్నీ ఒకటే. కానీ 2014 జూన్ 2 నుంచి కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితే వేరే రాష్ట్రం. దుకాణంలో చేతికిచ్చిన బిందెకు బిల్లు ఇక్కడిదే. అదే బిందెను సైటులో విజయవాడ అడ్రసుకు పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం. సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీల (రాష్ట్రం వాటా) బదులు రాష్ట్రాల మధ్య అమ్మకాలకుండే ఐజీఎస్టీ వేయాలి, సైటు ఆ తేడాను అడ్రసు చూసి పసిగట్టేలా పెట్టుకోవాలి. అంతకంటే పెద్ద చిక్కు చిన్న దుకాణాలది. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద కొద్ది శాతం పన్ను కట్టే పద్ధతిలో) ఉన్న వ్యాపారి వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ బయటి రాష్ట్రానికి అమ్మితే, కొన్ని హస్తకళల వస్తువులకున్న మినహాయింపు తప్ప, మొదటి అమ్మకం నుంచే కావాలి. మా వీధిలో ఒకరు ఇది తెలియకుండానే సైటు తెరవబోయారు. మీ అకౌంటెంటును అడక్కుండా ‘దేశమంతా డెలివరీ’ అని మాత్రం రాయకండి.

సైటు రూపం దగ్గర నేను గొడవే పడ్డాను. డబ్బు కట్టి పెట్టుకున్న డిజైనర్ ఇంటి పేజీ నిండా తిరిగే బొమ్మలు, ‘ఇంకా 2 మాత్రమే ఉన్నాయి’ అనే ఎర్ర అక్షరాలు, వెనక్కి లెక్కపెట్టే గడియారం పెట్టి చూపించాడు. మా దగ్గర ఆ వస్తువు నిజంగా ఒక్కటే ఉంటే ఒక్కటే అని రాస్తాం. లేని తొందర ఎందుకు పెట్టాలి? 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాల్లో ఇట్లాంటి 13 రకాల మాయలను పేరు పెట్టి మరీ వద్దన్నారు. అబద్ధపు తొందర అందులో ఒకటి. అడక్కుండా బుట్టలో ఇంకో వస్తువు వేసేయడం ఇంకొకటి. చట్టం లేకపోయినా మా బాపు కౌంటర్ దగ్గర ఎవరినీ “తొందరగా తీసుకో, అయిపోతది” అని తరమలేదు. ఇంటి పేజీలో ఇప్పటికీ వ్యాసాలే ఉంటాయి. కొట్టుకు దారి చూపే లింకు పేజీ పైన ఒకటి, ప్రతి వ్యాసం చివర దానికి సంబంధించిన రెండు మూడు వస్తువులు. అంతే.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం దుకాణం పూర్తి పేరు, అడ్రసు, ఫిర్యాదులు చూసే మనిషి పేరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఆ మనిషిని నేనే. నా పేరు, నంబరు పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఫోన్లు పెరుగుతాయని అందరూ భయపెట్టారు. పెరిగాయి కూడా. కానీ పది ఫోన్లలో ఏడు కొనేముందు వచ్చేవే. “ఇందులో పప్పుచారు కాయొచ్చా?” “గ్యాస్ మీద ఖాళీగా పెట్టొచ్చా?” రెండోదానికి వద్దనే చెబుతాం. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఖాళీ గిన్నె పొయ్యి మీద మరిచిపోతే కళాయి ముద్దలు కట్టి జారుతుంది. ఈ మాట ఇప్పుడు ప్రతి కళాయి గిన్నె పేజీలోనూ ధర కంటే పైన ఉంటుంది. అది పెట్టాక ‘పూత ఊడింది’ అని తిరిగొచ్చే గిన్నెలు బాగా తగ్గాయి.

స్టాకు విషయంలో కంప్యూటర్‌కు లొంగని చిక్కు ఒకటి వచ్చింది. నల్లగొండ కస్టమర్ రాత్రి ఒక కంచు కంచం కొన్నది. పొద్దున నేను చూసేలోపే దుకాణంలో మా అన్న దాన్ని కౌంటర్ మీద అమ్మేశాడు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సైటుతో కలిపేవి ఉన్నాయి, ధరలు అడిగాం. తర్వాత బాపు లోపలి గదిలో ఒక అల్మారా ఖాళీ చేయించి, తలుపు మీద సుద్దముక్కతో ‘సైటు’ అని రాశారు. అందులో ఉన్నదే సైటులో ఉంటుంది. కౌంటర్‌కు ఎంత రద్దీ ఉన్నా అందులోంచి తీయరు. సైటులో అమ్ముడుపోగానే అక్కడ ఖాళీ అవుతుంది, సాయంత్రం కొత్తది తూచి పెడతాం. నలభై వస్తువుల కొట్టుకు ఇది సరిపోతుంది. నాలుగు వందలైతే అప్పుడు సాఫ్ట్‌వేర్ సంగతి చూద్దాం.

కొన్నిటిని కొట్టులోకి తేలేదు, తేవాలనీ లేదు. పాత ఇత్తడి ఇచ్చి కొత్తది తీసుకునే మార్పిడి అందులో ఒకటి. పాత బిందె ఎంత తూగినా అడుగున సీసపు అతుకులు ఉంటే బాపు గీరి చూడాలి, తట్టి వినాలి. ఆ పేజీలో బటన్ లేదు, దుకాణం వేళలు, ఫోన్ నంబరు ఉన్నాయి. మొన్న ఆ పేజీ చూసి ఖమ్మం పెద్దావిడ మళ్లీ ఫోన్ చేశారు. అప్పుడు కొన్న గంజుకు కళాయి పోయిందట, మనవరాలు హైదరాబాద్ వస్తోంది, పంపిస్తానన్నారు. అదే సంచిలో వాళ్ల అత్తగారి నాటి బిందె కూడా పెడుతున్నారు, మార్చడానికి కాదట, ఎంత తూగుతుందో చూసి చెబితే చాలునట.